వెరుం కాడు

నాకు క్షమించడం చేతకాదు. చిన్నప్పటి సంగతులు రాసేవాళ్ళు చివరికి వచ్చేసరికి మెత్తబడిపోయి, పాపం వాళ్ళ పరిస్థితి అలాంటిది, ఆ కాలం అలాంటిది అంటూ అందరి తప్పులూ మాఫీ చేసేస్తుంటారు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. దెబ్బ తిన్నది ఒకరైతే మాఫీ చేసేది ఇంకొకరా? నేను రాయబోయేది మా అవ్వ సంగతి. అవ్వ ఎవరినీ క్షమించకుండానే పోయింది. ఆమె బదులు నేను మెత్తబడే ప్రశ్నే లేదు. అలాంటి ముగింపు కోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఈ ఏడు ఎండలు ముదరక ముందు తిరుత్తణిలో మా ఇంటికి కయల్ అనే అమ్మాయి వచ్చింది. తవ్వకాల్లో బయటపడే పాత మట్టిలోంచి గింజలూ పొట్టూ బొగ్గు ముక్కలూ ఏరి, వేల ఏళ్ళ కిందట అక్కడి మనుషులు ఏం పండించారో, నేలను ఎలా వాడుకున్నారో తేల్చే చదువు ఆ అమ్మాయిది. నేను బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని, చిరుధాన్యాల పేర్లు తెలుగులోనూ అరవంలోనూ తెలిసినదాన్ని అని ఎవరో చెప్పారట. "అత్తిమంజేరిపేట దాటాక ఒక కొండ వాలులో తవ్వుతున్నాం టీచర్. ఆ ఊరి పెద్దవాళ్ళకు తమిళం వచ్చినా పంటల సంగతులు తెలుగులోనే చెబుతారు, మాకు సగమే అర్థమవుతోంది. మీరు తోడొస్తే బాగుంటుంది" అంది. ఆమె మాట్లాడింది అరవంలోనే, తెలుగు చేసింది నేను. ఫోన్ తీసి ఫొటో చూపించింది. ఏనుగు పడుకున్నట్టుండే నల్లటి బండ, దాని పక్కన తాళ్ళు కట్టి చదరంగా తవ్విన గుంటలు. ఆ బండ మీద కూర్చునే నేను చిన్నప్పుడు చిలకలను తోలేదాన్ని. తెలియనట్టే, నేల ఎవరిదని అడిగాను. "చెంగల్రాయుడని ఒక పెద్దాయనది. చాలా మంచివారు. అడగ్గానే ఒప్పుకున్నారు. రోజూ మా పిల్లలకు కొబ్బరి బోండాలు పంపిస్తారు" అంది. నేను లోపలికి వెళ్ళి చీర మార్చుకుని, చెప్పులేసుకుని వచ్చాను. వస్తానని నోటితో చెప్పిన గుర్తు కూడా లేదు.

చెంగల్రాయుడు నాకు పెదనాయన. మా నాయనకు సొంత అన్న కాదు, పెద్దనాయన కొడుకు. నాకు ఊహ తెలియక ముందే నాయన పోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్ళం. నాయనను కన్న మునెమ్మవ్వ, అమ్మ, నేను. మాకున్న ఆధారం ఆ బండ చుట్టూ ఉన్న మెట్ట నేల. దాన్ని అడివి చేను అనేవాళ్ళం. ఈ మాట బయటి తెలుగువాళ్ళకు తికమకగా ఉంటుంది గనుక చెప్పాలి. మా వైపు ఊరికి దూరంగా కొండ కింద ఉండే చేనును అడివి చేను అంటారు. చేలో పనికి పోయిన మనిషి కోసం ఇంటికొచ్చి అడిగితే, అడివికి పోయినాడని చెబుతారు. అందులో మానులూ పులులూ ఏమీ ఉండవు. ఊరు కానిదంతా మాకు అడివే.

అవ్వ తెల్లారకముందే లేచి ఉలవలు పొయ్యి మీద పెట్టేది. ఇల్లంతా ఆ వాసనకే మేలుకునేది. మట్టి తడిసినప్పటి వాసనకు కాస్త దగ్గరగా, కాస్త ఘాటుగా ఉండేది. ఉడికిన ఉలవలు ఎద్దులకు, వార్చిన నీళ్ళు చారుగా మాకు. ముందు ఎద్దులు తినాలి, తరవాతే మనుషులు. నేను ఆకలని ఏడ్చినా ఆ వరస మారేది కాదు. చేటతో చెరగడం అమ్మ పని. చేటలోంచి ఎగిరిన పొట్టును ఊడ్చి పొయ్యిలోకి తోసేది. పొట్టుతో పాటు నాలుగు గింజలూ పోయి నిప్పుల్లో చిటపటమనేవి. తొలి వానలకు కొర్రలూ కందులూ సాళ్ళుగా వేసేవాళ్ళం, చివరి వానలకు ఉలవలు చల్లేవాళ్ళం. కలుపు తీసేటప్పుడు లేత గురుగాకును విడిగా ఒడిలో వేసుకుని, బండ పక్కన మూడు రాళ్ళ పొయ్యి మీద అవ్వ అక్కడికక్కడే కూర వండేది. దుక్కిలో కుండ పెంకులు తగిలేవి, లోపల నల్లగా, బయట ఎర్రగా. అవ్వ వాటిని గట్టు మీదికి విసిరేస్తూ, "మనకన్నా ముందర ఎవురో వుండినార్లే ఈడ" అనేది. అంతకు మించి ఆలోచించే తీరిక ఆమెకు లేదు.

పంట ఇంటికి రాగానే మొదట తీసేది ఇత్తనం. అమ్మాలన్నా తినాలన్నా దాని తరవాతే. అవ్వ ఇత్తనాన్ని నేల మీద పరిచి, పుచ్చు గింజలూ మట్టి బెడ్డలూ కలుపు విత్తులూ ఏరిపారేసేది. గురుగాకు విత్తు నల్లగా నిగనిగలాడుతూ ఆవగింజలో సగం కూడా ఉండదు. ముసలి కళ్ళకు అది ఆనదు. అందుకని నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. ఒక్క కలుపు విత్తు మిగిలినా వచ్చే ఏడు నీ చేతే పీకిస్తానని బెదిరించేది. తరవాత వేపాకూ బూడిదా కలిపి కుండలకెత్తి, మూతులకు పేడ మెత్తేది. ఆ కుండల జోలికి ఎలకలైనా వెళ్ళేవేమో గాని మేం వెళ్ళేవాళ్ళం కాదు.

నేలలు కొలవడానికి ఆఫీసరు వచ్చింది వేసవిలో. పంట తీసేసిన చేను. మోళ్ళు కూడా పశువులు మేసేసి, ఎర్రటి దుమ్ము లేస్తోంది. ఆఫీసరు మద్రాసు వైపు నుంచి వచ్చిన అరవాయన, తెలుగు ముక్క రాదు. అవ్వ పుత్తూరు వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి, ఆమెకు అరవం రాదు. ఊళ్ళో తక్కిన అందరికీ రెండూ వచ్చు. "నువ్వేం దిగులు పడొద్దు చిన్నమ్మా, నేను చెప్తా గదా" అని పెదనాయన తెల్ల చొక్కా వేసుకుని ముందు నిలబడ్డాడు. ఇది ఏం నేల అని ఆఫీసరు అడిగాడు. అవ్వ చేతులు జోడించి చెప్పింది. "మా అడివి చేను సామీ. మా మామ దున్నినాడు, మా ఇంటాయన దున్నినాడు, ఇప్పుడు మేము దున్నతా వుండాం. కొర్రలు, కందులు, ఉలవలు ఏసుకుంటాం." మామ పేరూ మొగుడి పేరూ నోటితో పలకకూడదు గనుక, ఎవరెవరో వరసలు చెప్పి వాళ్ళెవరో తెలియజెయ్యడానికి ఆమె చాలాసేపు తంటాలు పడింది. పెదనాయన తల ఊపుతూ అంతా విన్నాడు. విని, ఆఫీసరు వైపు తిరిగి, "వెరుం కాడు సార్" అన్నాడు. ఆమె చెప్పినదానికంతా అతను చేసిన అరవం అంతే.

వెరుం అంటే ఉత్త. కాడు అరవంలో అడవి. పల్లెల్లో కాడు కళని అని జంటగా అంటే మెట్టా మాగాణీ అని అర్థం, ఆ లెక్కన కాడు చేను కూడా అవుతుంది. ముందు వెరుం అని చేరిస్తే మాత్రం ఇంకో అర్థానికి చోటు లేదు. ఎవరూ దున్నని ఉత్త అడవి అని. తెలుగులో కాడంటే వల్లకాడు, అవ్వకు తెలిసింది అదొక్కటే. "పంట పండే నేలను పట్టుకోని కాడంటావేమిరా చెంగల్రాయా, నీ నోరు పడిపోను" అని అరిచింది. తన చేనును శ్మశానమన్నాడని ఆమె కోపం. జరిగిన మోసం అది కాదని పాపం ఆమెకు తెలియదు. నేను అరవ బడిలో చదువుతున్నదాన్ని, నాకు తెలిసింది. "ఇల్లై సార్, కొల్లై సార్" అన్నాను. ఇల్లై అంటే కాదు, కొల్లై అంటే మెట్ట చేను. ఇంకో మాట అనబోయేలోగా పెదనాయన అరచెయ్యి నా మూతి మీద పడింది. "పెద్దోళ్ళు మాట్లాడతా వుంటే నీకేం పని" అని, ఆఫీసరుతో అరవంలో ఏదో అని నవ్వాడు. ఆఫీసరూ నవ్వాడు. నా పై పెదవి పగిలింది. ఇప్పటికీ చలికాలంలో మొదట అక్కడే చీలుతుంది.

అలా మా చేను సర్కారు లెక్కల్లో ఎవరూ దున్నని బీడుగా ఎక్కింది. బీళ్ళు సాగు చేస్తామని ముందుకొచ్చినవాళ్ళకు నేల ఇచ్చే రోజులవి. కొన్నాళ్ళకు పెదనాయన అడిగి దాన్ని తన పేరిట ఇప్పించుకున్నాడు. అడివి కొట్టి చేను చేసినానని రచ్చ మీద కూర్చుని చెప్పుకునేవాడు. అమ్మ నన్ను తీసుకుని ఆరణిలో మేనమామ ఇంటికి చేరి, రైసు మిల్లులో వడ్లు ఎండబోసే పనికి పోయింది. మామ మంచివాడే. అయినా ఇంకొకరి ఇంట్లో రెండోసారి అన్నం అడగడానికి ఎంత మొహమాటమో ఆ వయసులోనే తెలిసింది. అవ్వ మాతో రాలేదు. ఊళ్ళోనే ఉండి కూలికి పోయేది. పెదనాయన పిలిచినా ఆయన చేలోకి మాత్రం వెళ్ళలేదు. అడ్డంగా పోతే దగ్గర దారి ఉన్నా, ఆ గట్టు తొక్కకుండా కొండను చుట్టుకుని నడిచేది. ఒక కోతల కాలంలో కూలి చేలోనే పడిపోయిందని మాకు కబురొచ్చింది. మేం బస్సులు మారి వెళ్ళేసరికి మట్టి చేసేశారు. చెంగల్రాయుడే దగ్గరుండి అన్నీ జరిపించాడని ఊరంతా మెచ్చుకున్నారు. అమ్మ ఆయనకు దండం పెట్టింది. నేను పెట్టలేదు.

కయల్ వెంట తవ్వకం దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మామిడి చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మెడ వంగింది గాని గొంతు అదే. "యాడుండావమ్మా ఇన్నాళ్ళు? టీచరమ్మ అయినావంటనే. మన వంశంలో సదువుకున్నోళ్ళు వుండాలిలే" అన్నాడు. "తిరుత్తణిలోనే వుండా పెదనాయనా" అన్నాను. ఆ రోజు నుంచి దాదాపు ప్రతి రోజూ వెళ్ళాను. కయల్ పని నాకు నచ్చింది. ఏ పొర మట్టి ఆ పొరకు విడిగా తెచ్చి, పీపాలో నీళ్ళలో పోసి చేత్తో కలియబెడతారు. మట్టి అడుగుకు పోతుంది, మాడిన గింజలూ బొగ్గూ పైకి తేలుతాయి. తేలినదాన్ని పలచటి గుడ్డలో వడకట్టి, మూట కట్టి నీడలో ఆరబెడతారు. ఆరాక భూతద్దం కింద సన్న కుంచెతో ఒక్కో గింజా విడదియ్యాలి. అవ్వ పక్కన కూర్చుని నేను నేర్చుకున్న పనే, కాకపోతే ఇప్పుడు కళ్ళద్దాలు కావాల్సి వచ్చాయి.

"తిన్న గింజ ఆనవాలు లేకుండా పోతుంది టీచర్. పచ్చిది కుళ్ళి మట్టిలో కలిసిపోతుంది. మాడిన గింజే మిగులుతుంది, ఎన్ని వేల ఏళ్ళైనా" అని కయల్ చెప్పింది. అది విని నాకు ఎవరో నా తరఫున మాట్లాడినట్టు అనిపించింది. లోతు పొరల్లో దొరికినవి ఉలవలు, పెసలు, కొర్ర జాతి చిన్న గింజలు. వాటితో పాటు పొట్టు, గురుగాకు లాంటి కలుపు విత్తులు. శుభ్రం చేసిన గింజ మాత్రమే దొరికితే ఎక్కడినుంచో కొనుక్కొచ్చారని కూడా అనుకోవచ్చునట. పొట్టూ కలుపూ కూడా ఉంటే పంటను అక్కడే నూర్చారని, దగ్గర్లోనే పండించారని అర్థం. బొగ్గు ముక్కలు కూడా దట్టమైన అడవి మానులవి కావు, తుమ్మా రేగూ లాంటి బయలు చెట్లవే ఎక్కువ. వరి గింజలు ఎక్కడో ఒకటీ అరా. అవి కింద నీళ్ళున్న చోటినుంచి వచ్చి ఉండొచ్చు. పెదనాయనకు నేను ఇవన్నీ తెలుగులో విడమరిచి చెప్పాను. కావాలనే చెప్పాను. అడివి కొట్టి చేను చేసినానని జీవితమంతా చెప్పుకున్న మనిషి, ఇది వేల ఏళ్ళుగా చేనేనని విని ఏమంటాడో చూడాలనుకున్నాను. ఆయన తడబడనే లేదు. మర్నాటికల్లా పాట మార్చాడు. "మా తాత ముత్తాతల కాలం నించి దున్నిన నేల ఇది. అందుకే యింత బలం" అని ఫొటోలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్ళో సభ పెడతారని, చేను దగ్గర ఒక బోర్డు నిలబెట్టి దాని మీద ఆయన కుటుంబం పేరు రాస్తారని అనుకున్నారు. ఆ సభలో తెలుగును అరవం చేసేది నేనేనని కూడా తేలింది. అప్పుడే నేను నిశ్చయించుకున్నాను. అప్పటి అబద్ధాన్ని ఆయన ఈ ఊరి ముందర తన నోటితో వెనక్కి తీసుకోవాలి, అవ్వ పేరు పలకాలి. అంతకు తక్కువైతే నాకు అక్కర్లేదు.

సభకు కొన్నాళ్ళ ముందు కయల్ ఒక పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది పాతది కాదు టీచర్. పై పొర, బండ పక్కన పొయ్యి గుంట. గాజు ముక్క కూడా ఉంది, మన కాలందే. మామూలుగా పై పొరను ఎవరూ పట్టించుకోరు, నేను పోల్చి చూడడానికి తీస్తాను. కానీ ఇది నాకు అర్థం కావడం లేదు" అంది. పళ్ళెం నిండా మాడిన గింజలు. ఉలవలు, కందులు, కొర్రలు. "ఇన్ని ఒక్కచోట. పొట్టు లేదు, కలుపు విత్తు ఒక్కటంటే ఒక్కటి లేదు. వంటకైతే ఇవన్నీ కలిపి ఎవరు పోస్తారు? ఇది ఏరి దాచుకున్న విత్తనం టీచర్. కావాలనే కాల్చినట్టుంది. ఏ రైతైనా విత్తనం కాలుస్తాడా?" అని అడిగింది. నేను ఒక ఉలవ గింజను కుంచెతో నా అరచేతిలోకి తీసుకున్నాను. కాల్చింది మా అవ్వ అని చెప్పాను. కలుపు విత్తు ఒక్కటీ లేకుండా ఏరింది నేనని కూడా చెప్పాను.

నేల తన పేరిటికి వచ్చాక పెదనాయన మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, చాలా మెత్తగా అడిగాడు. "చిన్నమ్మా, ఆ ఇత్తనం కుండలు ఇచ్చెయ్. ఆ నేలకు అలవాటైన ఇత్తనం గదా, నీకింక దేనికి?" అవ్వ సరేనంది. ఆయన వెళ్ళాక కుండలు ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని చేలోకి మోసింది. అమ్మ ఏడుస్తూ వెనకాల వచ్చింది. అవ్వ పొయ్యిలో కంపలు పేర్చి మంట బాగా లేచేదాకా ఆగి, కుండల మూతులు పగలగొట్టి పోసింది. మొదట మా ఇంట్లో తెల్లవారుజామున వచ్చే వాసనే వచ్చింది. తరవాత అది మాడు వాసనై, కళ్ళు మండి నిలబడలేకపోయాం. ఇత్తనం కాల్చడం పాపమని నేను లెంపలు వేసుకోబోతే అవ్వ నా చేతులు పట్టుకుంది. "వాని సాళ్ళల్లో నా ఇత్తనం మొలిచేదానికి లేదు" అంది. బూడిద మీద మట్టి తోసి, చేతులు దులుపుకుని, వెనక్కి చూడకుండా దిగి వచ్చింది. ఇదంతా విన్నాక కయల్ గింజలు చెదరకుండా పళ్ళెం మీద గుడ్డ కప్పింది. తరవాత, "సభలో ఈ పళ్ళెం చూపించవచ్చా టీచర్" అని అడిగింది. చూపించమన్నాను.

సభ దాకా మిగిలిన ఆ నాలుగు రోజులూ బస్సు కిటికీ పక్కన కూర్చుని పోతూ వస్తూ చూశాను. మా అడివి చేలల్లో సగం మామిడి తోటలయ్యాయి, సగం రంగు రాళ్ళు పాతిన ప్లాట్లయ్యాయి. ఊరి ఆడపిల్లలు కంపెనీ వ్యానుల్లో పనికి పోతున్నారు. వాళ్ళ మొహాల్లో ఎండ దెబ్బ లేదు, అది చూసి నాకు సంతోషమే. తిరువళ్ళూరులో ఒక కొట్లో ఉలవలు బొమ్మ వేసిన సంచుల్లో అమ్ముతున్నారు, షుగరుకు మంచిదని. ఎద్దులు ఎక్కడా కనబడలేదు. నేను పాత రోజులు రావాలని కోరుకునేదాన్ని కాదు. వానకు ఉరిసే ఇంట్లో పెరిగినవాళ్ళెవరూ అలా కోరుకోరు. కాకపోతే ఆ రోజుల్లో మాకు నేల ఉండేది, ఇప్పుడు నాకు పెన్షనుంది. ఒకటి ఇంకొకదానికి బదులు కాదని మాత్రం నాకు తెలుసు. అవ్వ ఉండి ఉంటే నా పెన్షను చూసి మురిసిపోయి, మరి మన చేనెప్పుడు అడుగుతావని అడిగేది.

సభ బడి వరండాలో జరిగింది. ఊరంతా వచ్చారు. తిరువళ్ళూరు నుంచి అధికారులు, కయల్ వాళ్ళ ప్రొఫెసరు వచ్చారు. పెదనాయనకు పొన్నాడ అనే జరీ శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని తెలుగులో మాట్లాడాడు. "ఇది మా తాత ముత్తాతల నించి మా చేను. ఒక్క ఏడు కూడా బీడు పెట్టింది లేదు. మూడు వేల ఏండ్లుగా మేమే దున్నతా వుండాం." చప్పట్లు కొట్టారు. నేను దాన్ని ఒక్క మాట పోకుండా అరవం చేశాను. ఏమీ తగ్గించలేదు, ఏమీ చేర్చలేదు. తరవాత మైకు కింద పెట్టకుండా తెలుగులో అడిగాను.

"పెదనాయనా, నేలలు కొలిచేదానికి వచ్చినప్పుడు ఆఫీసరుకు ఏమని చెప్పినావు?"

ఆయన నావైపు తిరిగాడు. "ఎప్పుడో జరిగినేవి ఇప్పుడెందుకుమ్మా."

"ఏమని చెప్పినావు?"

"కాడనే చెప్పినా. అరవంలో కాడు కళని అనరా? చేననే గదా దానికి అర్థం."

"వెరుం కాడన్నావు. నేను పక్కనే వుండినా. చేను అని చెప్పినందుకు నా మూతి మింద కొట్టినావు."

ఊరివాళ్ళందరికీ రెండు భాషలూ వచ్చు, వెరుం అన్న మాట ఎంత పని చేస్తుందో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. పెదనాయన గొంతు పెంచాడు. "అప్పుడు ఆడ ఏముండింది? రాళ్ళు, ముండ్లు. అడివే గదా. నేను గదా కొట్టి చేను చేసింది." ముందు వరసలో కూర్చున్న ఒకాయన నవ్వాపుకోలేకపోయాడు. ఒక్క ఏడు కూడా బీడు పెట్టలేదని ఇప్పుడే కదా చప్పట్లు కొట్టించుకున్నాడు. ప్రొఫెసరు ఏం జరుగుతోందని అడిగితే అంతా అరవంలో చెప్పాను. కయల్ లేచి పళ్ళెం పైకెత్తి చూపించింది. "అయ్యా, లోతు పొరల్లోనే కాదు, పై పొరలో కూడా పంట గింజలున్నాయి. మీ కాలానివే. ఎవరో జాగ్రత్తగా పండించి, ఏరిపెట్టుకున్న విత్తనం ఇది. ఉత్త అడవిలో ఇది ఎలా వస్తుందయ్యా?" అంది. ఆ పిల్ల గొంతులో కోపం లేదు. నిజంగానే జవాబు కావాలన్నట్టు అడిగింది.

పెదనాయన పళ్ళెం వైపు చూశాడు. ఆ విత్తనం కోసం తానే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్న సంగతి ఆయనకు గుర్తొచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది. అడివంటే ఇప్పటి గొప్ప పోతుంది. చేనంటే అప్పటి మాట అబద్ధమవుతుంది. ఆయన ఎటూ తేల్చుకోలేక శాలువా సర్దుకుంటుంటే నేను కళ్ళార్పకుండా చూశాను. అంత హాయి నేను ఏ పండక్కీ ఎరగను. "చేనే" అన్నాడు చివరికి.

"ఎవురి చేను?"

"మునెమ్మ చేను."

నేను దాన్ని అరవం చెయ్యలేదు. మైకు ఆయన చేతికి ఇచ్చాను. "నువ్వే చెప్పు పెదనాయనా. అరవంలో. అప్పుడు చెప్పింది నువ్వే గదా."

మైకు గరగరలాడింది. "అదు మునియమ్మావోడ కొల్లై" అన్నాడు. వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదు. వినబడలేదని చెప్పాను. ఇంకోసారి చెప్పాడు.

బోర్డు మీద అవ్వ పేరు రాయించే బాధ్యత కయల్ తీసుకుంది. రెండు రోజులకు పెదనాయన కోడలు ఫోన్ చేసి, మామ అన్నం ముట్టడం లేదు, మిమ్మల్ని ఒకసారి చూడాలంటున్నాడు అంది. వెళ్ళాను. మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ ఇంట్లో నోరు తడుపుకుంటే రాజీపడ్డట్టే. అందుకని గ్లాసు తీసుకుని మంచం కోడు పక్కన పెట్టేశాను.

"నువ్వు అడిగింది చెప్పినా. అందరి ముందరా చెప్పినా. ఇంకా ఏం గావాలమ్మా నీకు? బండ కాడ కొంచెం నేల రాసిమ్మంటావా? ఇస్తా. ఇంక మనసులోనించి తీసెయ్. ఇంకెంత కాలం వుంటాను నేను? బయటికి పోతే పిల్లోళ్ళు కూడా నన్ను చూసి వెరుం కాడు తాత అంటా వుండారు" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు చూస్తే కరిగిపోతానేమోనని దారి పొడవునా కాస్త భయపడ్డాను. కరగలేదు.

"నేల వద్దు పెదనాయనా" అన్నాను. వంగి, ఆయన తల మీద చెయ్యి పెట్టాను. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ తల మీద చెయ్యి పెట్టకూడదు, అది నాకు తెలుసు. "నువ్వు నిండు నూరేండ్లు బతకాల. రోజూ వీధిలోకి పోయి కూర్చోవాల."

కోడలు సంతోషపడి, మీ నోటి చలవ అక్కా అంది. పెదనాయన నా చెయ్యి తోసేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.